మందు కొట్టని గది

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. బడిలో నా గొంతు వింటే పిల్లలు బిగుసుకుపోయేవారు. హెడ్మాస్టరు కూడా నా క్లాసు ముందర అడుగు నెమ్మదిగా వేసేవాడు. అదంతా పైపై గోలే. భయమేసిన కుక్క ఎక్కువ మొరుగుతుంది చూడండి, నాది ఆ బాపతు. ఆ పిరికితనంతోనే నేను చేసిన పని ఇది. ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టి పెరిగాను. తొంభైల చివర్లో సైన్సు టీచరుగా అరకులో పోస్టింగు వచ్చింది. మా ఆయనది రైల్వే ఉద్యోగం, ఆయన కూడా అరకు స్టేషనుకే మార్పించుకున్నాడు. "అదృష్టవంతురాలివే, చల్లటి ఊరు" అన్నారు అందరూ. చల్లటి ఊరే, కాదనను. కానీ పొద్దున్న లేచి కిటికీ తీస్తే ఇటు కొండ, అటు కొండ, ఎదురుగా కొండ. చూపు పోయి గోడకి గుద్దుకున్నట్టుండేది. మా అమ్మాయి అక్కడే పెరిగింది, దానికి కొండలే లోకం. నాకు మాత్రం ఊపిరాడేది కాదు. ఏడేళ్ళు అలాగే గడిపి, ఎనిమిదో ఏట సముద్రాన్నే ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను.

విశాఖపట్నంలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కట్టలకొద్దీ ప్రింటవుట్లు తీసుకున్నాను. రాళ్ళు, వాటికి అతుక్కుని బతికే జీవాలు, చేపలు, అన్నీ కలిపి ఇంట్లో పెంచే ఉప్పునీళ్ళ తొట్టె. రీఫ్ ట్యాంకు అంటారు దాన్ని. మా ఆయన కాగితాలన్నీ తిరగేసి చూసి, "అరకొచ్చినోళ్ళందరూ కాఫీ మొక్కలెడతారు. నువ్వు సముద్రాన్నెడతావేటే?" అని నవ్వాడు. నవ్వితే నాకు పంతం పెరుగుతుందని ఆయనకి తెలీదా? తెలుసు. అయినా నవ్వాడు.

గాజు తొట్టె విశాఖలోనే కట్టించాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. పరుపుల మధ్య పెట్టి ఘాట్ రోడ్డు మీద తెస్తుంటే, మలుపు మలుపుకీ కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు కూరగాయల వ్యాన్లో వచ్చాయి. క్యాబేజీ, బీన్సు వేసుకుని కిందకి దిగిన వ్యాను పైకి ఖాళీగా వస్తుంది కదా, శుక్రవారం శుక్రవారం నీలం డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చేవాడు ఆ డ్రైవరు. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఉప్పు కావాలంటే కొట్లో దొరకదేటి?" అన్నాడు.

రాళ్ళు మా పుట్టింటివాళ్ళు ఏరి పంపారు. పగడాల జోలికి పోలేదు, పట్టుకుంటే కేసు. అక్కర్లేదు కూడా. మా ఒడ్డు రాళ్ళకే చొక్కా బొత్తాలంత జీవాలు గుంపులుగా అతుక్కుని ఉంటాయి, ఆకుపచ్చవి, గోధుమరంగువి. వెలుతురు పడితే విచ్చుకుంటాయి, వేలు తగిలితే ముడుచుకుంటాయి. వాటితోపాటు చారల చేపలు నాలుగు, గాజుముక్కల్లా అవతలివైపు కనబడే రొయ్యలు, నత్తలు, ఓ ముసలి పీత. రాళ్ళు నీళ్ళలో పెట్టి నెల్లాళ్ళు ఆగాలి, నీళ్ళు కుదురుకునేదాకా చేపలు వెయ్యకూడదు. ఆ నెల్లాళ్ళూ మా అమ్మాయి బడినుంచి వచ్చి, ఖాళీ నీళ్ళముందు స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకునేది. అప్పటికి దానికి ఏడేళ్ళు. చేపలు వచ్చాక ఆ స్టూలు అక్కడే ఉండిపోయింది.

తొట్టె కింద బల్ల మా స్కూలు లేబులో మూల పడేసినది. గుగ్గిలం కర్ర. యాసిడ్ మరకలు, బ్లేడుతో చెక్కిన పేర్లు, ఎన్ని బేచీల పిల్లల సంతకాలో దానిమీద. హెడ్మాస్టరుని అడిగి తెచ్చుకున్నాను. కొండమీద ఊరినుంచి ఒక వడ్రంగి వచ్చి వేలి మెటికతో బల్ల కాళ్ళన్నీ తట్టి, చెవి ఆనించి విని, "ఇది సీకటి రోజుల్లో కొట్టిన కర్రమ్మా, పురుగట్టదు" అన్నాడు. అక్కడివాళ్ళు వెన్నెల రోజుల్లో చెట్టు కొట్టరు, కొడితే కర్రకి పురుగు పడుతుందని వాళ్ళ లెక్క. ఆ మాట విని నాకు కాస్త ధైర్యం వచ్చింది. సైన్సు టీచర్ని, వెన్నెలకీ పురుగుకీ సంబంధమేమిటని అడగాల్సింది. అడగలేదు. భయపడే మనిషికి ఎవరు ధైర్యం చెప్పినా చాలు.

నీళ్ళూ రాళ్ళూ కలిపి ఎనిమిదొందల కేజీల బరువు. దాని ముందు కాళ్ళాడించుకుంటూ నా కూతురు. బల్ల కాలు విరిగితే? గాజు అతుకు వదిలితే? ఇంట్లో ఎక్కడ టక్కుమన్నా పరిగెత్తుకొచ్చి బల్ల కిందికి వంగి చూసేదాన్ని. చలికాలంలో ఇంకో భయం. అరకు చలి మీకు తెలిసిందే కదా, జనవరిలో గడ్డిమీద మంచు తెల్లగా పరుచుకుంటుంది. ఆ చేపలకేమో వెచ్చటి నీళ్ళుండాలి. కరెంటు పోతే హీటరు ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో ఉన్న రగ్గులన్నీ తొట్టెకి చుట్టేసి, ఇన్వర్టరు మీద పంపు ఒక్కటే తిప్పుతూ, థర్మామీటరు పట్టుకుని కూచునేదాన్ని. "మాకు కప్పుకోడానికేటైనా మిగిల్చేవా?" అనేవాడు మా ఆయన.

దోమలబిళ్ళ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ గదిలో ప్లగ్గుకి బిళ్ళ పెట్టి ఊరెళ్ళొచ్చాం ఒకసారి. వచ్చేసరికి రొయ్యలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ప్రింటవుట్లు తీసి చూస్తే అందులో ఉంది, దోమల మందు ఏదైనా సరే నీళ్ళలోవాటికి విషమని. కొత్త రొయ్యలు తెప్పించి వేశాను. అంతే, ఇంట్లో బిళ్ళలు బంద్, దోమల చుట్టలు బంద్. అమ్మాయి మంచానికి దోమతెర కట్టాను. చాలులే అనుకున్నాను.

రెండో వేసవిలో బల్లకి తెగులు పట్టింది. ఉప్పునీళ్ళు చుక్క చుక్క కారి, పాలిష్ తెల్లగా పొక్కి, పొరలు పొరలుగా ఊడింది. ఒక కాలు మొదట్లో కర్ర నల్లబడింది. సెలవులే కదా, సగానికి పైగా నీళ్ళు డ్రమ్ముల్లోకి తోడి బరువు తగ్గించి, బల్ల చుట్టూ కింద కూచుని నేనే గీకాను. ఎమరీ పేపరు ముతకది, తర్వాత నున్నటిది. వేళ్ళు కాయలు కాశాయి. నల్లబడ్డచోట మేకుతో గుచ్చి చూస్తే లోపల కర్ర గట్టిగానే ఉంది, అమ్మయ్య అనుకుని లప్పం పెట్టాను. వార్నిష్ పడితే ప్రమాదమని తొట్టెమీద తడి దుప్పటి కప్పి, కిటికీలన్నీ తీసి, మూడు పూతలు పూశాను. బల్ల తేనెరంగు తిరిగింది. మా అమ్మాయి అందులో మొహం చూసుకుని జడ సవరించుకుంది. నీళ్ళు మళ్ళీ నింపాను. అంత బాగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

మూడో పూత ఇంకా పూర్తిగా ఆరనేలేదు, మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చారు.

ఏజెన్సీలో ఉన్నవాళ్ళకి కొత్తకాదు ఇది. వానలకి ముందు ఇంటింటికీ వస్తారు. కిందటేడు వాళ్ళొచ్చినప్పుడు మేం ఊళ్ళో లేక తప్పింది. ఒకడు బకెట్లో పంపు పెట్టి కొడుతుంటే ఇంకొకడు గొట్టం పట్టుకుని గోడలన్నీ తడుపుతాడు. ఆనక తలుపు పక్కన ఎర్రరంగుతో తేదీ వేసి, ఎన్ని గదులు కొట్టారో రాసి పోతారు. ఆరోజు వచ్చిన ఇద్దరిలో పెద్దాయన నాకు మొహం తెలిసినవాడే, పక్క కొండమీద ఊరు. "టీచరమ్మా, సామాన్లు నడిమికి లాగీండి, తిండిగిన్నెలు బయటెట్టీండి" అన్నాడు.

"మా ఇంట్లో వద్దు" అన్నాను.

"అలాగంటే ఎలాగమ్మా? వోనలొచ్చెత్తన్నాయి."

చేపలు చచ్చిపోతాయని చెప్పొచ్చు. చెప్పడానికి సిగ్గేసింది. ఆ మనిషి ఊళ్ళో జ్వరాలతో పిల్లలు పోవడం చూసినవాడు. ఆయనకి నా చారల చేపల సంగతి ఏ మొహంతో చెప్పను? గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది, ఇల్లంతా వార్నిష్ కంపు. నోటికి ఏదొస్తే అది అనేశాను. "మా పాపకి ఆయాసం. ఈ వార్నిష్ వాసనకే ఎగశ్వాస వచ్చేసింది. మీరు మందు కొడితే దానికేమైనా అయితే ఎవరు పూచీ?"

"నాకా?" అంది మా అమ్మాయి.

ఉరిమి చూశాను. ఊరుకుంది.

పెద్దాయన దాన్ని పైనుంచి కిందకి చూశాడు. "గుంట బాగానే ఉంది కదమ్మా."

"ఇప్పుడు బాగానే ఉంది. తర్వాత సంగతి మీకేం తెలుసు?"

"పోనీ ఆ గుంట పడుకునే గది వొదిలీసి, మిగతాయి కొడతాను."

"గాలి ఒకటే కాదేంటయ్యా ఇల్లంతటికీ! మలేరియా గురించి నాకు చెప్తావా? ఏడో తరగతికి ఆ పాఠం చెప్పేదాన్ని నేను!" అని అరిచాను. ఇందాక చెప్పాను కదా, భయమేస్తే నా గొంతు అలా లేస్తుంది. ఆయన తలుపు పక్కన తేదీ వేసి, గదులు రాసేచోట పెద్ద సున్నా చుట్టాడు. వాళ్ళు సందు తిరిగాక తడిగుడ్డ తెచ్చి ఆ సున్నాని తుడిచేశాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి రాగానే, "నాన్నా, నాకు ఆయాసమంట తెలుసా!" అని అమ్మాయి సంబరంగా చెప్పేసింది. జరిగిందంతా ఒప్పుకోక తప్పలేదు. ఆయన నవ్వలేదు ఈసారి. "చేపల కోసం అబద్ధమాడితే ఆడేవు. ఆ గుంట మీద పెట్టి ఆడతావేటే? తథాస్తు దేవతలుంటారు" అన్నాడు.

"మీరూ మీ దేవతలూను" అని విసుక్కున్నాను. కానీ ఆరోజునుంచి దాని ఊపిరి వింటూనే ఉన్నాను. అన్నం తింటున్నా వింటున్నాను, జడ వేస్తున్నా వింటున్నాను. దగ్గితే చాలు, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. భయం ఎటునుంచి వస్తుందో అటు చూడకుండా, ఇంకోవైపు కాపలా కాశాను.

వానలు పడ్డాయి. తొట్టెలో నీళ్ళు రోజూ కాస్త ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. అందుకని పైన మంచినీళ్ళే పొయ్యాలి. వాననీళ్ళంత శుభ్రమైనవి ఏముంటాయి? పెరట్లో చూరు కింద ఆ నీలం డ్రమ్ములే మూత తీసి వరసగా పెట్టాను. నిండాయి. పదిరోజులు పోయాక చూస్తే నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. దోమపిల్లలని తెలియదా నాకు? తెలుసు. పారబోశానా? లేదు. చేపలకి అంతకంటే మంచి మేత లేదని ప్రింటవుట్లలో చదివాను. టీ వడగట్టే జల్లెడతో పట్టి తొట్టెలో వేస్తే చారల చేపలు ఎగబడి తినేవి. అమ్మాయి చప్పట్లు కొట్టేది. రోజూ సాయంత్రం గౌను వేసుకుని, ఆ స్టూలు మీద కాళ్ళాడించుకుంటూ కూచుని, "అమ్మా ఇంకొంచెం, అమ్మా ఇంకొంచెం" అనేది. నేను మళ్ళీ మళ్ళీ డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి పట్టి తెచ్చేదాన్ని. జల్లెడకి ఎన్ని దొరికాయి, దొరకనివి ఎన్ని రెక్కలొచ్చి ఎగిరిపోయాయి? అది ఆలోచించలేదు.

ఆ వారమే క్లాసులో బోర్డుమీద బొమ్మ వేసి చెప్పాను, మామూలు దోమపిల్ల నీళ్ళలో తలకిందులుగా వాలి వేలాడుతుంది, మలేరియా దోమపిల్ల నీటిమీద అడ్డంగా పడుకుంటుంది అని. ఇంటికొచ్చి జల్లెడ పట్టుకున్నాను. మా పెరట్లోవి వాలి ఉన్నాయా, పడుకుని ఉన్నాయా? ఇప్పటికీ చెప్పలేను. చూడలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు.

మందు కొట్టేవాళ్ళు వచ్చివెళ్ళిన నెల్లాళ్ళకి, ఒకరోజు బడిలో మధ్యాహ్నం అన్నం దగ్గర మా అమ్మాయి వణికింది. పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. రెండు గంటల్లో ఒళ్ళు పెనంలా కాలిపోయింది. ఆనక చెమటపట్టి తగ్గింది. రక్తం తీశారు, మాత్రలిచ్చారు. మర్నాడు బాగానే ఆడుకుంది. వానకి తడిసిన జ్వరమేలే అనుకున్నాం, అనుకోవాలనుకున్నాం. మూడోనాడు పొద్దున్న పాలు తాగమని లేపితే నన్ను "టీచర్" అని పిలిచింది. బళ్ళో తప్ప అలా పిలవదు. కళ్ళు నా మీద ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. తర్వాత ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయింది, కళ్ళు పైకి వెళ్ళిపోయాయి.

నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. అరిచానని మా ఆయన అంటాడు.

అరకు ఆసుపత్రిలో డాక్టరు సూది వేసి, సెలైను పెట్టి, "మెదడుకెక్కినట్టుంది, ఇక్కడ ఆలస్యం చెయ్యకండి, బేగి కిందకి తీసుకుపోండి" అన్నాడు. జీపులో వెనక సీట్లో తల నా ఒళ్ళో, కాళ్ళు వాళ్ళ నాన్న ఒళ్ళో. సెలైను సీసా ఆయన చెయ్యెత్తి పట్టుకున్నాడు. కుండపోత వాన. ఘాట్‌లో టైడా ఊరు దాటాక రోడ్డుమీదకి మట్టిపెళ్ళలు జారి, ముందు రెండు బస్సులు ఆగిపోయి ఉన్నాయి. దిగినవాళ్ళంతా కలిసి రాళ్ళు తొలగిస్తున్నారు. గంట పట్టిందో, గంటన్నర పట్టిందో. ఆ సేపంతా నా బుర్రలో ఒకటే. నేనన్నాను. దానికేమైనా అయితే ఎవరు పూచీ అని నేనే అన్నాను. అన్నమాట వెనక్కి తీసుకోడానికి ఎవర్ని బతిమాలాలో తెలీదు. ఎదురుగా ఉన్న కొండని బతిమాలాను. నాకు అస్సలు ఇష్టంలేని ఆ కొండకే దణ్ణం పెట్టాను.

విశాఖలో పెద్దాసుపత్రిలో రక్తం చూసి చెప్పారు, మలేరియాలో చెడ్డరకం. క్వినైన్ ఎక్కించారు. "రెండురోజులు గడవాలమ్మా" అన్నాడు అక్కడి డాక్టరు, నా వైపు చూడకుండా. రెండు రోజులు. నేను నీళ్ళు కూడా ముట్టలేదు. దాని చెయ్యి వదిలితే పోతుందేమోనని బాత్రూమ్‌కి వెళ్ళడానికి భయం. నాడి దగ్గర నా వేలు, గోడ గడియారం మీద నా కళ్ళు.

రెండోరోజు మధ్యాహ్నం మా ఆయన నన్ను బలవంతాన బయటికి తీసుకెళ్ళాడు, కాస్త గాలి తగులుతుందని. ఆసుపత్రి ఎదురుగా ఎస్టీడీ బూతు. పక్కింటావిడకి ఫోను చేసి పాప సంగతి చెప్పమన్నాడు, అక్కడ అందరూ కంగారుపడుతున్నారని. నంబరు నొక్కాను. అవతల ఆవిడ "హలో" అంది. నేను నోరు తెరిచి, "కరెంటుందా?" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. రెండేళ్ళనుంచి ఊరెళ్ళిన ప్రతిసారీ ఫోన్లో ముందడిగే మాట అదే. నాలిక తనంతట తనే తిరిగింది. మా ఆయన వెనకాలే నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుణ్ణు. రిసీవరు నా చేతిలోంచి తీసుకుని, ఆవిడతో పాప సంగతి ఆయనే చెప్పాడు.

మూడోరోజు పొద్దున్న అమ్మాయి కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. చెవుల్లో ఈగలు మోగుతున్నాయంది. అది క్వినైన్‌కి, తగ్గిపోతుంది అన్నారు. డాక్టరు వచ్చి మంచం పక్కన కూచుని ఏదో రాసుకుంటూ, "ఏజెన్సీలో ఉంటున్నారు కదా, ఇంట్లో మందు కొట్టించుకోలేదా?" అని అడిగాడు. నేను నోరు తెరవకముందే మంచంమీంచి పీలగొంతు వచ్చింది.

"మా ఇంట్లో కొట్టకూడదండి. నాకు ఆయాసం కదా."

డాక్టరు గొట్టం తీసి దాని వీపుమీద పెట్టి చాలాసేపు విన్నాడు. "ఆయాసమేం లేదే" అన్నాడు నాతో. అమ్మాయి నావైపు చూసింది, నేను సరిగ్గా చెప్పానా అన్నట్టు. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన పిల్ల, ఒంట్లో పిడికెడు సత్తువ లేదు, ఆ ఉన్న కాస్తా పెట్టి నా అబద్ధాన్ని కాపాడింది. అంతకుముందు రెండురోజులూ పడ్డ భయం ఒక ఎత్తు, ఆ క్షణం వేసిన భయం ఒక ఎత్తు. మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదిరోజులకి ఇంటికి తీసుకొచ్చాం. వానలకి కరెంటు పోతూ వస్తూ ఉన్నా, పక్కింటావిడ పుణ్యమా అని తొట్టె బతికే ఉంది. పంపు ఆగినప్పుడల్లా ఆవిడ చెంబుతో నీళ్ళు ఎత్తిపోసిందట, గాలి అందాలని. నాలుగు చారల చేపలూ నన్ను చూసి మేతకోసం అద్దం దగ్గరికొచ్చాయి. నేను ముందు పెరట్లోకెళ్ళి డ్రమ్ములన్నీ తన్ని పడేశాను. తర్వాత గొడుగేసుకుని సంతకి వెళ్ళాను. ఆరోజు సంత. మందు కొట్టే పెద్దాయన అక్కడ తప్పకుండా ఉంటాడు. చింతపండు బుట్టల దగ్గర దొరికాడు. "రేపొద్దున్న రండి. ఇల్లంతా కొట్టండి" అన్నాను. ఆయన నా మొహం చూసి, "అలాగేనమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "ఇవాళ మంగళవారం. శుక్రవారం దాకా ఆగితే వ్యాను వస్తాది. చేపల్నీ రాళ్ళనీ డ్రమ్ముల్లో ఎట్టి సముద్రంలో వొదిలీమందాం. మూడ్రోజులే కదే" అన్నాడు. మొదట్నుంచీ వాటిని చూసి వెక్కిరించిన మనిషి, ఆయనే బతిమాలాడు.

"ఆగను" అన్నాను.

"దోమతెరలో పడుకోబెడదాం. నేను సెలవెడతాను, కూకుని విసురుతాను."

"ఆగనంటే ఆగను." మూడురోజుల్లో ఎన్ని సాయంత్రాలు? ఒక్క దోమ చాలదూ? ఇంట్లో ఏది కదిలినా, జుయ్యిమన్నా పాప మంచం దగ్గరికి పరిగెడుతున్నాను. చేపలమీద ప్రేమ లేక కాదు. ప్రేమకి ఇక చోటు లేదు, అంతా భయమే. అప్పుడు భయపడాల్సిన దానికి భయపడలేదు, ఇప్పుడు దానికి వడ్డీతో సహా భయపడుతున్నాను. మూర్ఖురాలినని తెలుసు. ఆగలేకపోయాను.

మర్నాడు అమ్మాయిని పక్కింట్లో కూచోబెట్టి, సామాన్లన్నీ బయట పెట్టించాను. తొట్టె దగ్గరికొచ్చేసరికి పెద్దాయన గొట్టం దించి, "టీచరమ్మా, ఇయి సచ్చిపోతాయి. దుప్పటి కప్పితే?" అన్నాడు. కప్పాను, రెండు మడతలు. గాలి పంపు ఆపాను. చేతనైనంత చేశాను. గోడలన్నీ తెల్లటి చారలు పడ్డాయి. నేను గీకి పాలిష్ పెట్టిన బల్లమీద కూడా చారలు పడ్డాయి, తుడవలేదు. ఆయన తలుపు పక్కన గదులన్నీ లెక్కపెట్టి నాలుగు అని రాశాడు.

దుప్పటి ఆపలేదు. మధ్యాహ్నానికి రొయ్యలు పోయాయి. సాయంత్రానికి చారల చేపలు గిరగిరా తిరిగి, ఒక్కొక్కటే అడుగుకి దిగిపోయాయి. బొత్తాల జీవాలు ముడుచుకుని మళ్ళీ విచ్చుకోలేదు. అమ్మాయి ఇంటికొచ్చి స్టూలు దగ్గర నిలబడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపటికి నాదగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ఎవరైనా అడిగితే ఏటి చెప్పాలి?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కరెంటు పోయిందని చెప్పనా?" అంది.

"వద్దు" అన్నాను. "మందు కొట్టించి మా అమ్మే చంపేసిందని చెప్పు."

"అలాగంటే నిన్ను తిడతారు కదా."

"తిట్టనీ. ఉన్నదే చెప్పు." తల ఊపింది.

మర్నాడు పొద్దున్న పక్కింటావిడ పాలగిన్నె పట్టుకుని వచ్చింది. పదిరోజులు చెంబుతో నీళ్ళు పోసి బతికించిన మనిషి. తొట్టెవైపు చూసి ఆగిపోయింది. "అయ్యో, చేపలేటైపోయాయే?" అని మంచంమీద ఉన్న మా అమ్మాయిని అడిగింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, వీపు వాళ్ళవైపు.

"కరెంటు పోయింది ఆంటీ" అంది నా కూతురు. తడుముకోకుండా, నీళ్ళు తాగినంత తేలిగ్గా అంది.

పొయ్యి ఆపి వెనక్కి తిరిగాను. "కరెంటు పోలేదండీ" అన్నాను. మొదటిసారి మందువాళ్ళు వచ్చిన రోజునుంచి మొదలుపెట్టాను. ఆయాసం లేదని చెప్పాను. సున్నా తుడిచేశానని చెప్పాను. డ్రమ్ముల సంగతి చెప్పాను. ఫోన్లో ఆవిడనే కరెంటుందా అని ఎందుకడిగానో అది కూడా చెప్పాను. గొంతు లేవలేదు. ఆవిడ గిన్నె కింద పెట్టకుండా నిలబడే విన్నది. మధ్యలో ఒకసారి మా అమ్మాయి వైపు చూసింది.

ఆవిడ వెళ్ళాక మంచం దగ్గరికి వెళ్ళాను. అమ్మాయి దుప్పటి మొహందాకా లాక్కుంది. ఆసుపత్రిలో అన్ని సూదులు పొడిచినా ఏడవని పిల్ల, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"చెప్పీసేవేటమ్మా" అంది. "నేను చెప్పలేదు కదా."